బస్సింటికి వచ్చిన బియ్యం

అన్నం వండే ప్రతిసారీ, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుడి వంతు. మా గుంటూరు వైపు చర్చిల్లో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే. ఢిల్లీ వచ్చినా మేమెవరమూ మానలేదు. నెలకోసారి ఆదివారంనాడు ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చి చర్చి వరండాలో పెద్ద డ్రమ్ములో పోస్తే, అదంతా సంచికెత్తి, ఆ నెల ఎవరింట్లో కష్టం ఉందో వాళ్ళకిస్తారు.

డ్రమ్ము దగ్గర నిలబడి బియ్యం పోయించుకోవడం, సంచి మూతి కట్టడం నా పని. నాకు సంతకం వరకే వచ్చు. ఇప్పుడైనా నేను చెబుతుంటే ఇంకొకామె రాస్తోంది. బైబిల్లో వాక్యం చదవమంటే వెనక బెంచీకి జరిగేదాన్ని. కానీ సంచి మూతి నేను బిగించినట్టు ఎవరూ బిగించేవాళ్ళు కాదు. మా ఆయన పోయాక కూడా ఆ పని నా చేతిలోంచి పోలేదు. అంటే నేనింకా ఇచ్చేవాళ్ళ వైపే ఉన్నానన్నమాట. పుచ్చుకునేవాళ్ళ వైపుకి పోకూడదు. ఆ రోజుల్లో నా ప్రాణమంతా ఆ ఒక్కదాని మీదే ఉండేది.

ఎందుకంటే ఆ సంచి తీసుకుని నేనూ వెళ్ళాను కొన్ని ఇళ్ళకి. గుమ్మంలో నిలబడి ప్రార్థన చేస్తున్నంతసేపూ కళ్ళు మూసుకున్నట్టే ఉండి, మంచం కింద ఏముంది, గిన్నెలు ఎన్ని సొట్టలు పోయాయి, పిల్లవాడి చొక్కాకి గుండీలున్నాయా లేదా, అన్నీ చూసేదాన్ని. చూసి అయ్యో అనుకునేదాన్ని. ఆ అయ్యో నా మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలియలేదు.

మా ఆయన ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరు. ఆర్.కె. పురంలో క్వార్టరు. రెండు గదులు, వెనక కాస్త జాగాలో గోంగూర మొక్కలు. గుండె ఆగి ఆయన పోయాక కొన్నాళ్ళు ఉండనిచ్చారు, తర్వాత క్వార్టరు అప్పజెప్పమన్నారు. వాళ్ళ తప్పేం లేదు, రూలు అది. నేనూ మా అమ్మాయీ మునిర్కాలో ఒక గదికి మారాం. నేను ఒక నర్సింగ్‌హోములో ఆయాగా చేరాను.

మునిర్కాలో చదువుకునే కుర్రాళ్ళు ఎక్కువ. ఏటా ఇంకా ఎక్కువయ్యేవాళ్ళు. ఇంటాయన మంచివాడే, నన్ను ఆంటీజీ అనేవాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ అద్దె పెంచేవాడు.

"ఆంటీజీ, ఇదే గదికి ముగ్గురు అబ్బాయిలు కలిసి వస్తామంటున్నారు. మీరేమో ఇద్దరు. మీరే నా జాగాలో ఉంటే ఏం చేస్తారు?"

"నేను నీ జాగాలో ఉంటే ఈపాటికి నాకు మూడంతస్తులు ఉండేవి నాయనా."

"నాలుగో అంతస్తు వేస్తున్నాను కదా ఆంటీజీ, అందుకే పెంచుతున్నా."

అద్దె పెరిగిన ప్రతిసారీ మేం ఒక అంతస్తు పైకి, ఒక గల్లీ లోపలికి పోయేవాళ్ళం. చివరికి ఒక డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, రేకుల గది. దానికీ పెంచారు. ఇక పైన అంతస్తు లేదు.

మా ఆయనతో పనిచేసిన హర్యానా డ్రైవరు ఒకాయన ఉండేవాడు. నేను భయ్యా అనేదాన్ని, ఆయన నన్ను భాభీ అనేవాడు. గుర్గావ్ దాటాక వాళ్ళకి పొలం ఉంది. ఆయన ఒకప్పుడు ఆఫీసువాళ్ళని తిప్పే చార్టర్డ్ బస్సు ఒకటి కొని, కొన్నేళ్ళు తిప్పి, ఇంజను పోతే బాగుచేయించలేక, పొలంలో బోరు పక్కన నిలబెట్టేశాడు. ఒకరోజు వచ్చి నేల చూపులు చూస్తూ అన్నాడు.

"భాభీ, మాట ఎలా అనాలో తెలియట్లేదు. బస్సు ఖాళీగా ఉంది. బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోతారని మాకు భయం. మీరు అక్కడుంటే మోటారుకి కాపలా ఉన్నట్టూ ఉంటుంది. కిరాయి మాట ఎత్తొద్దు. మీ ఆయన ఉంటే, ఇంత మొహమాటమా అని నన్ను తన్ని మరీ ఒప్పుకునేవాడు."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. మనుషులు ఎక్కి దిగే బండిలో మనిషి కాపురం పెట్టడమేంటి అనిపించింది. కానీ ఆ నెలాఖరుకి సామాను టెంపోకెత్తాం.

ఆ బస్సు గురించి ఉన్నమాట చెప్పాలి. సీట్లు చాలావరకు పీకేశారు. వెనక పొడుగు సీటు ఉంచారు, అది మా మంచం. ముందు ఆడవాళ్ళ సీట్లు రెండు బోల్టులు తుప్పుపట్టి రాలేదు, అవే మా కుర్చీలు. వాటిపైన రేకు మీద ఆడవాళ్ళకి మాత్రమే అని హిందీలో రాసుందని మా అమ్మాయి చదివి చెప్పింది. డ్రైవరు సీటు దాని చదువుల గది. స్టీరింగు మీద పుస్తకం ఆనించి చదువుకునేది. జూన్‌లో రేకు కాలి లోపల పెనం మీద ఉన్నట్టుండేది. చలికాలం మంచు పడితే పైకప్పు లోపలినుంచి చెమట పట్టి దుప్పట్ల మీద బొట్లు బొట్లుగా కారేది. నీళ్ళు మాత్రం బోరు నీళ్ళు, ఎంత కావాలంటే అంత. మునిర్కాలో రెండు బకెట్లకి లైన్లో నిలబడ్డదాన్ని, ఇక్కడ చీర ఉతికి ఇంకోసారి జాడించేదాన్ని, ఊరికే.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతుంది. మొదటిరోజు కిటికీలు లెక్కపెట్టి వచ్చి, "మమ్మీ, ఇత్నీ ఖిడ్కియాఁ కిసీ కే ఘర్ మే నహీ హై," అంది. ఇన్ని కిటికీలు ఎవరింట్లోనూ లేవట. దానికి సిగ్గు లేదు. అది నాకు ఇంకా సిగ్గు.

చర్చికి మాత్రం పోవడం మానలేదు. మట్టిరోడ్డు నడిచి, బస్సెక్కి, ధౌలా కువాన్‌లో దిగి, ఇంకో బస్సు మారి ఆర్.కె. పురం వచ్చేదాన్ని. అక్కడ ఒక పెద్ద నర్సమ్మ ఉండేది, పెద్దాసుపత్రిలో పని. నోరు పెద్దది, మనసూ పెద్దదే. అందరినీ ఆరా తీసేది.

"మునిర్కా వదిలేశావంటగా. ఎక్కడిప్పుడు?"

"గుర్గావ్ వైపండి."

"ఫ్లాటా?"

"కాదండి, విడిగానే ఉంటుంది."

"అబ్బో. పైన ఎవరుంటారు?"

"పైనా ఎవరూ లేరు, కిందా ఎవరూ లేరండి."

"గాలి వస్తుందా?"

"అన్నివైపులనుంచీ వస్తుందండి."

"చూశావా, మేము ముప్పై ఏళ్ళుగా క్వార్టర్లలో పడి కొట్టుకుంటుంటే ఈమె బంగళా కట్టింది," అని అందరికీ చెప్పింది. నేను అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ రోజు డ్రమ్ములో బియ్యం పోయించుకుంటూ ఎవరి మొహమూ చూడలేదు.

మా ఆడవాళ్ళకి ఇంటి ప్రార్థనలు ఉండేవి. నెలకొక ఇంట్లో, వంతులవారీగా. ఆ ఇంటామె టీ, ఏదో ఒక ఫలహారం పెడుతుంది, పాస్టరమ్మగారు ఆ ఇంటిని ఆశీర్వదించి ప్రార్థన చేస్తారు. వంతు నా దగ్గరికి వచ్చింది. ఇంటికి సున్నాలు వేయిస్తున్నామన్నాను. మళ్ళీ వచ్చింది. అమ్మాయికి పరీక్షలన్నాను. ఆ తర్వాత నాకు జ్వరం వచ్చింది, నిజంగానే వచ్చింది, దేవుడికి స్తోత్రం అనుకున్నాను.

ఒక ఆదివారం పాస్టరమ్మగారు మా అమ్మాయిని పక్కకి పిలిచి, ఇంటికి ఎలా రావాలమ్మా అని అడిగారట. అది చక్కగా దారి చెప్పింది. ఏ స్టాపులో దిగాలి, ఏ ఇటుకబట్టీ దగ్గర తిరగాలి, ఆఖర్న బోరు పక్కన నీలం బస్సు, అదే మా ఇల్లు అని.

"ఎందుకు చెప్పావే?" అన్నాను దారిలో.

"పూఛా, తో బతాయా." అడిగారు, చెప్పాను.

"అడిగితే చెప్పేస్తావా?"

"మమ్మీ, తుమ్హీ తో కహతీ హో, ఝూఠ్ మత్ బోలో." అబద్ధమాడొద్దని నేనేగా దానికి చెప్పింది.

వచ్చే శనివారం వస్తున్నామని కబురు వచ్చింది. ఆ వారమంతా బస్సు తోమాను. కిటికీలకి నా పాత చీరలు చింపి తెరలు కుట్టాను, ఒకే రంగువి, చూస్తే ఇల్లులా ఉండాలని. సేమ్యా ఉప్మాకి అన్నీ సిద్ధం చేశాను. బస్సు మెట్ల దగ్గర నేల అలికి ముగ్గు వేశాను. ముగ్గు వేస్తే మెట్లు గుమ్మంలా కనిపిస్తాయని నా ఆశ.

శనివారం పొద్దున్నే భయ్యా ట్రాక్టరు వేసుకుని వచ్చాడు.

"భాభీ, జమీన్ బిక్ గయీ." పొలం అమ్ముడుపోయింది. ఆ ముక్క కొన్నవాళ్ళు ప్లాట్లు వేస్తారట, రాళ్ళు పాతేవాళ్ళు సోమవారం వస్తారట. బస్సుని కాలవ అవతల వాళ్ళ తమ్ముడి పొలంలోకి లాగాలి. తమ్ముడికి ఆదివారం ట్రాక్టరుతో వేరే పని ఉంది, అందుకని ఇవాళే.

"సాయంత్రం లాగుదువు భయ్యా, చుట్టాలు వస్తున్నారు."

"సాయంత్రం కాలవకి నీళ్ళు వదులుతారు భాభీ. దారి బురదైతే ఈ బండి ఎద్దులకి కూడా కదలదు."

మేం అద్దెలకి భయపడి ఊరు వదిలి పొలంలోకి వస్తే, ఊరు మా వెనకాలే పొలంలోకి వచ్చింది. చక్రాలు ఉండబట్టి ఇంకాస్త దూరం జరగగలిగాం.

ఆయన చక్రాల కింద ఇటుకలు తీశాడు. అరువు తెచ్చిన టైర్లు వేశాడు. ట్రాక్టరుకి ఇనపరాడ్డుతో బస్సుని కట్టాడు. ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలన్నాడు. మా అమ్మాయి అప్పటికే ఎక్కి కూర్చుంది.

"బిటియా, ముందు టైరు నా వెనకే రావాలి. అంతే పని."

"పతా హై, అంకుల్." నాకు తెలుసు అంటోంది. రోజూ పుస్తకం ఆనించే స్టీరింగు అది.

సరిగ్గా అప్పుడు ఆటోలు రెండు మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. అందరూ దిగారు. పట్టుచీరలు, బైబిళ్ళు, చేతిసంచులు. మధ్యాహ్నం రావలసినవాళ్ళు, దూరం కదా అని ముందే బయల్దేరారట. ముగ్గు మీద ఇటుకలు పడి ఉన్నాయి. నా గిన్నెలన్నీ గోనెసంచిలో ఉన్నాయి. నేను చీర దోపుకుని, చేతులకి గ్రీజుతో నిలబడి ఉన్నాను.

పెద్ద నర్సమ్మ బస్సు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ బస్సు వైపు చూసింది. నేను తలొంచుకుని, "వందనాలండి," అన్నాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు పాస్టరమ్మగారు.

"కాలవ అవతలికండి. ఇవాళే మారాలట."

"ఎంతసేపు పడుతుంది?"

"మెల్లిగా పోవాలండి. గంట పట్టొచ్చు."

ఆమె కొంగు దోపుకుని బస్సు మెట్టు మీద కాలు పెట్టారు. "ప్రార్థనకేగా వచ్చాం. ఎక్కండి," అన్నారు.

అందరూ ఎక్కారు. కొందరు పొడుగు సీటు మీద, మా మంచం మీద కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళ సీట్లలో. మిగతావాళ్ళు కింద, మూటల మీద. పెద్ద నర్సమ్మ కూర్చోనంది, పైన కడ్డీ పట్టుకుని నిలబడింది. "డ్యూటీకి పోయేది ఇట్టాగే కదా, నాకు అలవాటే. టికెట్టు ఎవరు కొడతారమ్మా?" అంది. ఒకరిద్దరు నవ్వారు. నవ్వమనే ఆమె అంది, నాకు తెలుసు. నేను నవ్వలేకపోయాను.

ట్రాక్టరు లాగింది. బస్సు మూలిగి కదిలింది. పాట ఎత్తుకున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా పాట ఆగి, మళ్ళీ ఆగినచోటే అందుకునేది. నేను కట్టిన తెరలు గాలికి ఎగిరి వాళ్ళ మొహాల మీద పడుతుంటే ఒక్కొక్కరూ తీసి పక్కకి పెడుతున్నారు. పొలంలో ఆవాలు కోసేవాళ్ళు నడుములెత్తి చూశారు. నీళ్ళ కుండ దొర్లి పగిలింది. ఆ నీళ్ళు అందరి పట్టుచీరల అంచులకీ తగిలాయి. స్టవ్వు వెలిగించడానికి లేదు. ఉప్మా లేదు, టీ లేదు, ఇప్పుడు మంచినీళ్ళు కూడా లేవు. నా ఇంటికొచ్చినవాళ్ళకి గుక్కెడు నీళ్ళు ఇవ్వలేకపోయాను. బస్సులో ఉన్నానన్న సిగ్గుకంటే ఆ సిగ్గు ఎక్కువైంది.

ఒక పెద్ద గతుకులో బస్సు పక్కకి ఒరిగింది. పెద్ద నర్సమ్మ కేకవేసి చేతికందిన తాడు పట్టుకు లాగింది. అది గంట తాడు. గంట మోగింది. భయ్యా అన్నేళ్ళు బస్సు తిప్పిన అలవాటుతో టక్కున ట్రాక్టరు ఆపేశాడు, వెనక్కి తిరిగి, "కౌన్ ఉతరేగా?" అన్నాడు. ఎవరు దిగుతారు అని. ఈసారి అందరూ నవ్వేశారు. డ్రైవరు సీట్లో మా అమ్మాయి స్టీరింగు వదలకుండా పగలబడి నవ్వింది. నేను మాత్రం పగిలిన కుండపెంకులు ఏరుతూ కూర్చున్నాను.

అక్కడే, బస్సు ఆగి ఉండగా, పాస్టరమ్మగారు ఆశీర్వాదపు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రతి ఇంట్లో చేసేదే. ఈ ఇంటి గుమ్మాన్ని, ఈ ఇంటి పునాదిని అని ఆమె చెబుతుంటే అందరూ ఆమేన్ అంటారు. ఆమె, "ప్రభువా, ఈ ఇంటి పునాదిని..." అని ఆగిపోయారు. కళ్ళు తెరవకపోయినా అందరి చూపూ నా మీదే ఉన్నట్టు అనిపించింది. చివరికి, "ఈ తల్లీబిడ్డల్ని," అని ముగించారు. ఆమేన్ అన్నాం.

తర్వాతి ఆదివారం బియ్యం పోసే ఆదివారం. పోకూడదనుకున్నాను. పోకపోతే ఎందుకు రాలేదో అందరికీ అర్థమవుతుందని పోయాను. డబ్బా తీసుకెళ్ళి అందరికంటే ముందే నా బియ్యం పోశాను. రేషను బియ్యం, దొడ్డువి. తర్వాత అందరూ పోశారు. ఆ నెల డ్రమ్ములో బియ్యం ఎప్పటికంటే ఎక్కువే ఉన్నాయి. నాకు సంతోషం కూడా వేసింది. సంచికెత్తాను. కుదేసి, మూతి మెలిపెట్టి, పురికొస రెండు చుట్లు చుట్టి బిగించాను. ఎప్పటిలాగే తలెత్తి అడిగాను.

"ఈ నెల ఎవరికమ్మా?"

ఒకామె కొంగు సర్దుకుంది. ఒకామె ఖాళీ డబ్బా మూత పెట్టి తీసి పెట్టి తీసింది. పెద్ద నర్సమ్మ, అంత నోరున్న మనిషి, గోడకున్న క్యాలెండరు చూస్తోంది.

పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యివేశారు. "మీ వైపే అమ్మా," అన్నారు మెల్లిగా.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా వైపు ఎవరున్నారబ్బా అని కూడా ఆలోచించాను. తర్వాత అర్థమైంది. నా చేతిలో ఇంకా పురికొస కొస ఉంది. నా సంచి మూతి నేనే బిగించుకున్నాను.

వద్దనాలనుకున్నాను. వద్దంటే పొగరంటారు. పుచ్చుకుంటే ఇక నేను ఆ డ్రమ్ము దగ్గర నిలబడలేను. "దేవుడికి స్తోత్రం," అన్నాను. ఇంకేమనాలో ఆ చోట ఎవరికీ తెలియదు, పుచ్చుకునేవాళ్ళంతా అదే అనేవాళ్ళు.

ధౌలా కువాన్‌లో బస్సు మారడానికి దిగాం. సంచి నేను పట్టుకున్నాను. మా బస్సు వచ్చింది. నేను సంచిని స్టాపు బెంచీ పక్కన దింపి, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఎక్కేశాను. ఎవరికి దొరికితే వాళ్ళు తింటారు అనుకున్నాను. బస్సు కదలబోతుంటే కిందనుంచి ఒక ముసలాయన బాదుతున్నాడు బస్సు రేకుని. "మాతాజీ, ఆప్‌కా థైలా. మాతాజీ, ఆప్‌కా థైలా రహ్ గయా." మీ సంచి ఉండిపోయింది అని. బస్సులో అందరూ నా వైపు తిరిగారు. మా అమ్మాయి దిగి, ఆ సంచి ఎత్తుకుని, ఆయనకి థాంక్యూ చెప్పి మళ్ళీ ఎక్కింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను ఏమీ అడగలేదు. తెలిసే అడగలేదు.

ఆ బియ్యం వండాను. అన్ని ఇళ్ళ బియ్యం కదా, సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి. ఒకామె కూతురు కేరళ అబ్బాయిని చేసుకుంది, వాళ్ళింట్లో ఉప్పుడు బియ్యం, అవి ఎర్రగా అక్కడక్కడా. సన్నవి ఉడికి ముద్దయిపోయాయి, ఎర్రవి పలుకుగానే ఉండిపోయాయి. అన్నేళ్ళు ఆ సంచులు కట్టాను గానీ, తీసుకున్నవాళ్ళు ఆ అన్నం ఎలా వండుకుంటారో నాకెప్పుడూ తట్టలేదు.

మా అమ్మాయి కంచంలో వేలితో చూపిస్తూ తింది. "యే నర్స్ ఆంటీ కా బాస్మతి. యే హమారా." ఇది నర్సాంటీది, ఇది మనది. మనదీ అందులో ఉంది మరి, నేనే కదా ముందు పోసింది.

మర్నాడు పొద్దున ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, అలవాటుగా ఒక పిడికెడు తీశాను. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వాళ్ళ బియ్యం వాళ్ళకే ఇవ్వడమా? ఇవ్వకుండా ఉండడమా? డబ్బా మూత తీసి ఉంది. అందులో వేస్తే, నెలాఖరున పోసేటప్పుడు అందరూ చూస్తారు. రకరకాల బియ్యం, మధ్యలో ఎర్ర గింజలు. ఎవరిచ్చినవి ఎవరికి తిరిగొస్తున్నాయో ఇట్టే తెలిసిపోతుంది.

బస్సు మెట్టు మీద చేట పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిడికెడు బియ్యం చేటలో పోసి, సన్నవి ఒక పక్కకి, ఎర్రవి ఒక పక్కకి తీసి, నేనెప్పుడూ పోసే దొడ్డు గింజలు మాత్రమే డబ్బాలో వేశాను. పిడికెడు నిండాలంటే ఇంకా చాలా ఏరాలి. ఏరుతూనే ఉన్నాను.

మా అమ్మాయి బడికి తయారై జడ వేసుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"మమ్మీ, ఇస్ మే కంకర్ తో హై నహీ. క్యా చున్ రహీ హో?" రాళ్ళు లేవు కదా, ఏం ఏరుతున్నావు అని.

"బడికి టైమవుతోంది, పో," అన్నాను.

అది పోలేదు. నా పక్కన ఆ ఇరుకు మెట్టు మీదే సర్దుకుని కూర్చుని, చేటలోంచి ఒక ఎర్ర గింజ తీసి అవతల పెట్టింది. తర్వాత ఇంకొకటి.